బ్యాండ్ మాస్టర్ మొగులయ్య, జహనుమా

జహనుమా, హైదరాబాద్
18 నవంబర్ 1984

తమ్ముడు ఎల్లప్పకు,

నువ్వు పంపిన ఫోటో అందింది. ఆ ప్యాంటు నీదేనా, ఎవరినైనా అడిగి తొడుక్కున్నావా? మీ వదిన సుగుణమ్మ దాన్ని అద్దం పక్కన పెట్టి, "సన్నగైండు పిలగాడు, ఆడ తిండి సరిగ దొర్కుతలేదేమో" అని రోజూ దిగులు పడుతోంది. నాకైతే నీ మెడ లావైనట్టే కనిపిస్తోంది.

ఇక్కడి సంగతి బాగాలేదు. నీ దగ్గర దాచడమెందుకు? వర్షాకాలమంతా కర్ఫ్యూలతోనే గడిచింది. శ్రావణంలో పెట్టుకున్న పెళ్లిళ్లు కొన్ని ఆగిపోయాయి, కొన్ని నలుగురి మధ్య చప్పుడు లేకుండా అయిపోయాయి. తీసుకున్న అడ్వాన్సులన్నీ వాపసు ఇచ్చాను. మన బ్యాండులో అందరివీ రెక్కాడితే గాని డొక్కాడని బతుకులే. పెద్ద డ్రమ్ము వాయించే గుండయ్య బిడ్డకు జ్వరం తగ్గక దవాఖానలో పెట్టాల్సి వచ్చింది. మాస్టర్ని కదా, అందరూ నా మొహమే చూశారు. చివరికి సామానంతా రిక్షాలో వేసుకుని వెళ్లి శాలిబండ తాకట్టు సేటు దగ్గర గిర్వి పెట్టాను. ట్రంపెట్లు, డ్రమ్ములు, ఆఖరికి బాపు క్లారినెట్ కూడా. దాన్ని సేటు చేతిలో పెట్టేటప్పుడు నా చెయ్యి రాలేదు రా.

మాఘమాసంలో మళ్లీ ముహూర్తాలున్నాయి. అప్పటికి సామాను విడిపించుకుంటే బ్యాండు నిలబడుతుంది. సేటు ఒక్కటే మాట చెప్పాడు, గడువు దాటాక తనను ఏమీ అనొద్దని. "జనవరి ఆఖరు దాక ఆగుత మాస్టర్. ఉస్కే బాద్ మేరే కో కుచ్ మత్ బోలో. మలక్‌పేట అమరనాథ్ ఇప్పట్నుంచే అడుగుతున్నడు." అమరనాథ్ తెలుసు కదా, ఎర్ర కోట్ల బ్యాండు వాడు. ఎన్నేళ్ల నుంచో మన సామాను మీద వాడి కన్ను.

అందుకని ఈసారి కాస్త ఎక్కువ అడుగుతున్నాను. ఎప్పటిలాగే డ్రాఫ్టు తీసి రిజిస్టర్ పోస్టులో పంపు. ఇప్పుడే పంపితే వేళకు అందుతుంది. నా గురించి ఫికర్ చెయ్యకు. మనసు ఎంత బాగా లేకపోయినా కల్లు కాంపౌండు గడప తొక్కడం లేదు. నువ్వు బొంబాయి రైలెక్కిన రోజు నీ చేతిలో చెయ్యి వేసి చెప్పాను కదా, ఆ మాట మీదే ఉన్నాను.

నీ మేలు కోరే అన్న,
మొగులయ్య


మనామా, బహ్రెయిన్
6 డిసెంబర్ 1984

అన్నకు, వదినకు ఎల్లప్ప శనార్థులు.

ప్యాంటు నాదే అన్నా! సొంత డబ్బుతో కొన్నదే. నువ్వు ఉత్తరంలో బడిపంతులులా రాస్తావు గానీ, ఎదురుగా ఉంటే "ఏంది రా గా ప్యాంటు, గోనెసంచి తీరుగున్నది" అని ఉండేవాడివి. ఆ మాట నీ గొంతుతోనే నా చెవిలో వినిపించింది. గదిలో ఒక్కడినే నవ్వుకున్నాను.

బాపు క్లారినెట్ గిర్వి పెట్టావని చదివాక మాత్రం అన్నం సయించలేదు. దాని కోసమైనా డబ్బు పంపుతాను. ఇక్కడి దోస్తుల దగ్గర కొంత అడిగాను. ఇస్తామన్నారు. కానీ డ్రాఫ్టు మాట ఎత్తకు. మా గదిలో ఒకాయన పంపిన డ్రాఫ్టు పోస్టులో పోయి ఏడాదైంది, ఇంకా దొరకలేదు. అంతకన్నా మంచి దారి నా కళ్ల ముందే ఉంది.

నేను పని చేసేది బ్యాంకులో అని నీకు తెలుసు. చాయ్‌లు తిప్పడం, కాగితాలు ఈ గది నుంచి ఆ గదికి మోయడం, అంతే అనుకో. అయినా ఏం జరుగుతోందో చూస్తూనే ఉంటాను. మా దగ్గరకు ఒక కొత్త మెషిన్ వచ్చింది. అందులో ప్రతి బ్యాంకుకూ ఒక కోడ్ ఉంటుంది. నాలుగు అక్షరాలు బ్యాంకువి, రెండు దేశానివి, రెండు ఊరివి. ఆ ఎనిమిది అక్షరాలు కొడితే చాలు, డబ్బు సముద్రం దాటి సరిగ్గా ఆ బ్యాంకు గుమ్మంలో దిగుతుంది. నేను ఒక గదిలో చాయ్ ఇచ్చి ఇంకో గదికి వెళ్లేలోపు లండన్ నుంచి జవాబు వచ్చేసింది. దాన్ని నడిపే కేరళాయన నాకు మంచి దోస్తు. నా డబ్బు కూడా తానే పంపుతానని మాట ఇచ్చాడు.

నువ్వు చేయాల్సిందల్లా ఒకటే. శాలిబండలో నీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి, వాళ్ల కోడ్ ఏమిటో అడిగి రాసి పంపు. సేటుతో చెప్పు, డబ్బు గాల్లో వస్తోందని!

నీ తమ్ముడు,
ఎల్లప్ప


జహనుమా
22 డిసెంబర్ 1984

ఎల్లప్పకు అన్న రాసేది.

నీ ఉత్తరం అందిన మర్నాడే బ్యాంకుకు వెళ్లాను. కోడ్ అని అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను లోపలికి పంపింది. మేనేజర్ విఠల్‌రావు గారు మంచాయనే. నా కాగితం చూసి, "గసుంటి కోడు గీడు మాకాడ లేదయ్యా. బయట దేశం పైసలు ముందు బొంబాయికొస్తయి, ఆడికెళ్లి మా పెద్ద బ్రాంచికి, ఆడికెళ్లి మాకు. గింత తిప్పలెందుకు? మీ తమ్మున్ని డ్రాఫ్టే పంపుమను" అన్నారు. నీ మాట పట్టుకుని నేను మళ్లీ అడిగాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, నాకు మాత్రం ఆయన చెప్పిందే సబబుగా తోచింది.

ఎన్నికల ఊరేగింపులకని రోజూ ఎవరో ఒకరు ఇంటికి వస్తున్నారు. "మాస్టర్, బ్యాండు గావాలె" అంటారు. సామాను రిపేరులో ఉందని చెబుతున్నాను. నిజం చెబితే ఇంకోసారి ఎవరు వస్తారు? నాతో వాయించే ఇద్దరు ట్రంపెట్ పిలగాళ్లు అమరనాథ్ దగ్గర చేరిపోయారు. నేను తిట్టలేదు. వాళ్ల కడుపు వాళ్లది. గుండయ్య మాత్రం, "నువ్వు ఉన్నన్ని దినాలు నేను ఏడికి పోను మాస్టర్" అన్నాడు. వాడి బిడ్డకు నయమైంది, ఇంటికి తెచ్చుకున్నారు.

తమ్ముడూ, నీ మెషిన్ గొప్పదే, కాదనను. కానీ ఈసారికి నా మాట విని డ్రాఫ్టు పంపు. నీ కోడ్ సంగతి మాఘం అయ్యాక చూసుకుందాం.

మీ వదిన నీకోసం చింతకాయ తొక్కు పెడతానంటోంది. బహ్రెయిన్ వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే రాయి.

నీ అన్న,
మొగులయ్య


మనామా
8 జనవరి 1985

అన్నా,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. వాళ్లు లేదనగానే వచ్చేశావని అనుకున్నాను. తర్వాత కేరళాయన కోడ్‌ల పుస్తకం తీసి చూపించాడు. అందులో మన దేశం బ్యాంకు ఒక్కటీ లేదు. మనవాళ్లు ఆ మెషిన్‌లో ఇంకా చేరలేదట. సిగ్గేసింది. ఇంత పెద్ద దేశం, ఒక్క పేరైనా లేదు!

అయినా నేను ఊరుకోలేదు. పక్క గదిలో పాత టెలెక్స్ మెషిన్ ఉంది. దాని మీద నీ బ్యాంకు వాళ్ల బొంబాయి ఆఫీసుకు నిన్ననే డబ్బు కొట్టించాను. దానికీ కోడ్ ఉంది. కోడ్ కొట్టగానే అవతలి మెషిన్ తన పేరు తానే టకటకమని కొట్టి పంపింది. నా కళ్లతో చూశాను. ఆ కాగితం ముక్క అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. అంటే డబ్బు అందినట్టే. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు సేటు దుకాణానికి వెళ్లి వచ్చి కూడా ఉంటావు.

ఇంకో ముచ్చట. ఎవరి పేరు మీద పంపాలి, ఖాతా నంబరు ఉందా అని కేరళాయన అడిగాడు. నంబరు నా దగ్గర లేదు. ఉన్నా చెప్పేవాణ్ని కాదేమో. "బ్యాండ్ మాస్టర్ మొగులయ్య, జహనుమా" అని కొట్టమన్నాను. ఆయన సందేహపడ్డాడు. "ఎట్లాంటి అడ్రసు ఇది?" అన్నాడు. నేను నవ్వి, "మా అన్నకు ఈ పేరు మీద బహ్రెయిన్ నుంచి ఉత్తరం చేరుతుంది, డబ్బు చేరదా? హైదరాబాద్ పాతబస్తీలో అడుగు, చంటిపిల్లలు కూడా చెబుతారు" అన్నాను. ఆ మెషిన్ నీ పేరు కొడుతుంటే పక్కన నిలబడి చూశాను అన్నా. బాపు ఉంటే ఎంత సంబరపడేవాడో!

విడిపించగానే క్లారినెట్‌కు ఊదే చోట కొత్త రీడు వేయించు.

నీ తమ్ముడు,
ఎల్లప్ప


జహనుమా
24 జనవరి 1985

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మొన్న అందింది. నా పేరు ముందు ఆ మాట పెట్టి పంపావని చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గుండయ్యకు రెండుసార్లు చదివి వినిపించాను. "మన మాస్టర్ పేరు బొంబాయి దాక పోయింది" అని వాడు గల్లీలో అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు.

కానీ డబ్బు రాలేదు రా. ఉత్తరం అందిన పూటే బ్యాంకుకు పరుగెత్తాను. మళ్లీ నిన్న, ఈ రోజు కూడా వెళ్లాను. విఠల్‌రావు గారు రిజిస్టర్లు తిప్పించి చూశారు. "నీ పేరు మీద ఏం రాలేదయ్యా. పెద్ద బ్రాంచికి ఫోన్ జేసి అడిగిన, దాసరి మొగులయ్య పేరు మీద ఏమీ లేదన్నరు" అని చెప్పారు. నా ఇంటిపేరుతో, బాపు పేరుతో వాళ్ల పుస్తకంలో ఎలా ఉందో అలాగే ఆయన అడిగారట.

సేటు దగ్గరకు వెళ్లి నీ ఉత్తరం చూపించాను. తెలుగు చదవడం రాకపోయినా కవర్ మీది తపాలా బిళ్ల చూశాడు. "పైసా కిధర్ హై మాస్టర్? కాగజ్ తో మై భీ లిఖ్ సక్తా" అన్నాడు. కాగితమైతే తానూ రాయగలడట. అంత మాట అనిపించుకుని కూడా నిలబడి బతిమాలాను. నెలాఖరు దాటితే ఒక్క పూట కూడా ఆగనన్నాడు.

నీకు దండం పెడతాను. ఏమైందో అక్కడ అడుగు. వీలైతే ఎవరి దగ్గరైనా తీసుకుని ఒక డ్రాఫ్టు కూడా పంపు. రాత్రిపూట నిద్ర పట్టడం లేదు. మీ వదినకు చెప్పలేదు, ఆమెకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

అన్న,
మొగులయ్య


మనామా
8 ఫిబ్రవరి 1985

అన్నకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను. ఉన్నమాట అడిగేస్తాను, ఏమనుకున్నా సరే.

డబ్బు అందలేదంటున్నావు. నా జేబులో కాగితం ఉంది. అవతలి మెషిన్ తన పేరు కొట్టి ఒప్పుకున్న కాగితం. మెషిన్‌కు అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు. మనుషులకే ఉంటుంది.

పోయిన వారం బహదూర్‌పురా బాలకిషన్ ఇక్కడికి పనికి వచ్చాడు. వదిన పంపిన తొక్కు తెచ్చి ఇచ్చాడు. మాటల్లో నీ సంగతి అడిగితే, ముందు నసిగి తర్వాత చెప్పాడు. "ఏం దాసిపెట్టాలె భాయ్, మీ అన్నను నేను బయలెల్లే ముందట కల్లు కాంపౌండుల జూసిన. గుండయ్య గూడ పక్కన్నే ఉన్నడు" అన్నాడు. ఆ తొక్కు సీసా ఇంకా మూత తీయలేదు. తినాలనిపించడం లేదు.

నేను ఈ పరాయి దేశంలో, నలుగురి చాయ్ కప్పులు కడిగి, దోస్తుల దగ్గర చెయ్యి చాపి పంపిన డబ్బు అది. బాపు క్లారినెట్ కోసమని పంపాను. నువ్వు తాగేసి ఉంటే తాగేశానని చెప్పు. ఏడ్చి ఊరుకుంటాను. కానీ రాలేదని బ్యాంకు మీద, సేటు మీద కథలు రాయకు. ఇంకో డ్రాఫ్టు పంపమని ఏ మొహంతో అడిగావు?

ఎల్లప్ప


జహనుమా
25 ఫిబ్రవరి 1985

ఎల్లప్పా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మీ వదిన విప్పి, పక్కింటి ఆమెతో చదివించుకుంది. నేను వచ్చేసరికి పొయ్యి వెలిగించకుండా కూర్చుని ఉంది. "గీ మాట నీ తోడబుట్టినోడు రాసిండా?" అని ఒక్కటే అడిగింది.

కల్లు కాంపౌండుకు వెళ్లిన మాట నిజం. మన ట్రంపెట్ పిలగాళ్లు సాయంత్రాలు అక్కడే ఉంటారు. సామాను వస్తుంది, అమరనాథ్‌ను వదిలి మాఘానికి మళ్లీ రండని వాళ్లను బతిమాలడానికి వెళ్లాను. గుండయ్యను తోడు తీసుకెళ్లాను, ఒక్కణ్నే వెళ్లడానికి నామీద నాకే నమ్మకం చాలలేదు కాబట్టి. ఒక్క చుక్క కూడా ముట్టలేదు. అది ఎంత కష్టమో నీకు తెలియదు, తెలియకూడదు కూడా.

ఇక సామాను సంగతి. నెల మారిన రోజే సేటు అమ్మేశాడు. మాట తప్పలేదు, పాపం. అమరనాథ్ మనుషులు వచ్చి బండిలో వేసుకుపోయారు. డ్రమ్ము మీద మన బ్యాండు పేరు రాయించాను కదా, దాని మీద ఎర్ర రంగు పూశారు.

ఇంట్లో గింజలు నిండుకున్నాయి. రెండు వారాల నుంచి నేను అమరనాథ్ దగ్గరే వాయిస్తున్నాను. వాడు నన్ను అవమానించలేదు. "మీ చెయ్యి అలవాటైన బాజా గదా, మీరే ఊదుండ్రి" అని బాపు క్లారినెట్ నాకే ఇచ్చాడు. పెళ్లి అయిపోగానే వాపసు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. గుండయ్య రాలేదు. మీరాలం మండిలో మూటలు మోస్తున్నాడు.

నువ్వు నమ్మినా నమ్మకపోయినా, డబ్బు నాకు అందలేదు.

మొగులయ్య


మనామా
4 మార్చి 1985

అన్నకు,

ఇన్ని రోజులైంది, నీ దగ్గర నుంచి జవాబు లేదు. జవాబు లేకపోవడమే జవాబు అనుకుంటున్నాను. నేను రాసింది తప్పయితే ఆ పూటే కలం పట్టేవాడివి.

ఇకమీద ఏం పంపినా వదిన పేరు మీదే పంపుతాను. ఈ సంగతి వదినకు చెప్పు.

ఎల్లప్ప


మనామా
24 మార్చి 1985

అన్నకు, వదినకు శనార్థులు.

నేను 4వ తారీఖున రాసింది పోస్టులో వేశాక నీ ఉత్తరం అందింది. అది పట్టుకుని కేరళాయన దగ్గరకు వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఆయన బొంబాయికి మళ్లీ టెలెక్స్ కొట్టి అడిగాడు. ఇన్నాళ్లకు జవాబు వచ్చింది.

డబ్బు జనవరిలోనే హైదరాబాద్ పెద్ద బ్రాంచీకి చేరింది. అక్కడే ఉండిపోయింది. "బ్యాండ్ మాస్టర్ మొగులయ్య" పేరుతో వాళ్ల దగ్గర ఖాతా ఏదీ లేదట. ఎవరిదో తెలియక పక్కన పెట్టేశారట. మీ మేనేజర్ దాసరి మొగులయ్య అని అడిగాడు, వాళ్లు లేదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. మెషిన్ తన పేరు కొట్టిందంటే అది మేలుకుని ఉందని మాత్రమే అర్థమట. డబ్బు మనిషి చేతికి అందిందని కాదట. ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చు కదా అని ఆయన మీద కేకలేశాను. "నువ్వు అడగలేదు కదా" అన్నాడు.

సరే, పోయింది పోయింది. ఇప్పుడు అంతా సర్దుకుంటుంది. డబ్బు మీ శాలిబండ బ్రాంచీకి పంపమని చెప్పించాను. నువ్వు వెళ్లి, ఆ బ్యాండ్ మాస్టర్ నేనేనని ఒక సంతకం పెడితే చాలు, ఇచ్చేస్తారు. అమరనాథ్‌కు నాలుగు పైసలు ఎక్కువ పారేసి సామాను వాపసు తీసుకో. బాలకిషన్ మాట నేనే పెద్దది చేశాను. అవన్నీ మనసులో పెట్టుకోకు. వదినను కూడా పెట్టుకోవద్దని చెప్పు.

తొక్కు సీసా మూత తీశాను. బాగుంది.

నీ తమ్ముడు,
ఎల్లప్ప


జహనుమా
16 ఏప్రిల్ 1985

తమ్ముడు ఎల్లప్పకు,

అమరనాథ్‌ను అడిగాను. రెట్టింపు ఇస్తానన్నా అమ్మనన్నాడు. "సామాను మీకిస్తే మల్ల మీరు నాకే పోటీ అయితరు గదా మాస్టర్" అన్నాడు. దాపరికం లేకుండా చెప్పాడు, అందుకు సంతోషం. వాడి బ్యాండులో నన్ను మాస్టర్ అని పిలిచేది వాడొక్కడే. అది కూడా నవ్వుతూ పిలుస్తాడు.

బ్యాంకు నుంచి కబురు వస్తే నిన్న వెళ్లాను. మలక్‌పేటలో పొద్దుటి పెళ్లి వాయించి అటే వెళ్లడంతో, ఒంటి మీద ఎర్ర కోటు అలాగే ఉంది. జేబు మీద అమరనాథ్ బ్యాండు పేరు కుట్టి ఉంటుంది. విఠల్‌రావు గారు నన్ను చూసి సంబరపడ్డారు. "దొర్కినయయ్యా నీ పైసలు!" అని కుర్చీ వేయించారు. తర్వాత కాగితం ముందు పెట్టి, "బ్యాండ్ మాస్టర్ మొగులయ్య అంటే నేనే అని రాసియ్యాలె. నాకు ఎరికనే, కని పెద్ద బ్రాంచోళ్లకు చూపెట్టాలె. నీ బ్యాండుది రసీదు పుస్తకమో, బోర్డు ఫోటోనో ఏమన్న ఉన్నదా?" అని అడిగారు. అడుగుతూ అడుగుతూ నా కోటు జేబు వైపు చూసి ఆగిపోయారు. ఆయన తప్పేం లేదు.

ఆ డబ్బు బ్యాండు కోసం పంపావు. బ్యాండు లేదు. నా కడుపు కోసం తీసుకుంటే, తినేశాడని నువ్వు రాసిన మాటను నేను నిజం చేసినట్టు అవుతుంది. నువ్వు మరిచిపొమ్మన్నావు. నేను ప్రయత్నం చేశాను ఎల్లప్పా. పెళ్లిలో వాయిస్తుంటే మధ్యలో ఆ మాట గుర్తొచ్చి ఊపిరి అందడం లేదు. బ్యాండు పోయినందుకు ఏడ్చాను, అయిపోయింది. నువ్వు నన్ను అడగకుండానే నమ్మేశావే, దానికి మాత్రం ఏడుపు కూడా రావడం లేదు.

మీ వదిన నా మీద మండిపడుతోంది. "ఇంట్ల బియ్యం లెవ్వు, ఈయనకు పౌరుషం గావాలె" అని రాత్రి అన్నం పెట్టలేదు. ఆమె మాటా నిజమే. ఆమె పేరు మీద నువ్వు ఏమైనా పంపితే తీసుకుంటుంది, నేను అడ్డు చెప్పను. దాసరి సుగుణమ్మ అని, ఇంటిపేరుతో రాయించు.

విఠల్‌రావు గారిని ఇంకో కాగితం అడిగి తీసుకున్నాను. బ్యాండ్ మాస్టర్ మొగులయ్య అనే మనిషి జహనుమాలో లేడు, డబ్బు పంపినవారికే వాపసు చేయగలరు అని రాసి, కింద దాసరి మొగులయ్య అని సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "గిట్ల రాస్తే ఇగ నీకు రావయ్యా" అన్నారు. తెలుసన్నాను.

నీకు చేరడానికి నెల పట్టొచ్చట. మెషిన్ తన పేరు కొట్టిందని ఊరుకోకు, డబ్బు చేతికి వచ్చిందో లేదో చూసుకో.

దాసరి మొగులయ్య